ట్యూబ్యులర్ రిమ్ మీద పాత జిగురు: విదేశీ వర్క్‌షాపులో కొత్తగా చేరినవాళ్లకు

పంక్చర్లు, బేరింగులు, చక్రం వంకర తీయడం అన్నిట్లో చేయి తిరిగినవాళ్లకు కూడా, ఇక్కడ రేసు సైకిళ్ల వర్క్‌షాపులో చేరాక కొత్తగా తగిలేది ట్యూబ్యులర్ టైరు. ట్యూబును లోపల పెట్టి టైరును చుట్టూ కుట్టేస్తారు. అంచులో తీగ ఉండదు, రిమ్‌కి అంచు పట్టే గాడి ఉండదు. గాలి ఒత్తిడి, జిగురు (లేదా దాని బదులు రెండువైపులా అంటుకునే టేపు), ఈ రెండే దాన్ని పట్టి ఉంచుతాయి. ముందు పేరు పట్టుకోవాలి. బ్రిటన్‌లో కస్టమర్ ‘టబ్స్’ అంటాడు, అమెరికాలో ‘సో-అప్స్’, ఆస్ట్రేలియాలో ‘సింగిల్స్’ అని కూడా వినిపిస్తుంది. ఫ్రెంచిలో ‘బ్వాయో’, ఇటాలియన్‌లో ‘టుబొలారె’, జర్మన్‌లో ‘ష్లౌఖ్‌రైఫెన్’. వస్తువు ఒక్కటే.

కొత్తగా చేరినవాళ్లు మంచి పేరు తెచ్చుకోవాలని రిమ్ తళతళలాడేదాకా గీకేస్తారు. చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. పాత జిగురు పలచగా, సమంగా, గోటితో గట్టిగా గీరినా పెచ్చు లేవకుండా అంటుకుని ఉంటే దాన్ని ఉంచి, పైన అదే రకం జిగురు ఒక పూత వేస్తే సరిపోతుంది. వట్టి లోహం తేలేదాకా తీస్తే మళ్లీ రెండు మూడు పూతలు వేయాలి, ప్రతి పూతనూ బాగా ఆరనివ్వాలి. కస్టమర్‌కి చక్రం ఇంకో రెండు మూడు రోజులు ఆలస్యమవుతుంది. ముద్దలు కట్టినా, పొడిబారి గాజు పెంకుల్లా రాలుతున్నా, నూనె గానీ పంక్చర్ పూడ్చే సీలెంట్ గానీ తగిలినా, జిగురు ఏ రకమో తెలియకపోయినా, టేపు నుంచి జిగురుకి మారుతున్నా మొత్తం తీయాల్సిందే.

టైరు ఊడదీసేటప్పుడు గాలి పూర్తిగా తీసి, వాల్వ్‌కి సరిగ్గా ఎదురువైపు మొదలుపెట్టండి. రెండు బొటనవేళ్లతో పక్కకు దొర్లించినట్టు నొక్కుతూ పోవాలి. రాకపోతే ప్లాస్టిక్ లివరే వాడాలి. ఇనుప లివర్ బేస్ టేపును (టైరు అడుగున కుట్టును కప్పే గుడ్డ పట్టీని) చించుతుంది, కార్బన్ రిమ్ అంచును విరగ్గొడుతుంది.

అల్యూమినియం రిమ్ అయితే ముందు చేత్తోనే సగం పని అవుతుంది. ఇంకా జిగట ఉన్నచోట బొటనవేలితో రుద్దితే జిగురు చిన్న ఉండగా చుట్టుకుంటుంది. ఆ ఉండను మిగతా జిగురు మీద అద్ది లాగండి. జిగురును జిగురే పీకుతుంది, ఉండ పెరుగుతూ పోతుంది. గట్టిపడ్డచోట అసిటోన్ అనే ద్రావకం కావాలి. దాన్ని రిమ్ మీద పోస్తే కరిగిన జిగురు స్పోక్ రంధ్రాల్లోకి దిగి స్పోక్ చివర బిగించే నట్లను, అంటే నిపుల్స్‌ను బిగదీస్తుంది, తర్వాత చక్రం వంకర తీసేవాడికి నరకం. దానికి బదులు నూలుగుడ్డను సుమారు 15 సెంటీమీటర్ల పేలికలుగా చించి, కారకుండా తడిపి, రిమ్ గుంటలో పరిచి పైన పాలిథీన్ కప్పండి. కప్పకపోతే అసిటోన్ నిమిషంలో ఎగిరిపోతుంది. ఐదు నుంచి పది నిమిషాల తర్వాత జిగురు మెత్తగా లేస్తుంది. ప్లాస్టిక్ గీకుడు పలకతో ఒకే దిక్కుకి తీయాలి. గుడ్డ మడత మారుస్తూ తుడవాలి, లేకపోతే తీసిందే మళ్లీ పూస్తున్నట్టు. స్టిక్కర్ల మీద చుక్క పడితే రంగు పోతుంది.

కార్బన్ రిమ్ అలా కాదు. ఇనుప బ్రష్, గరుకు కాగితం, హీట్ గన్ దగ్గరికే రానివ్వొద్దు. వేడికి కార్బన్ పోగులను పట్టి ఉంచే రెసిన్ మెత్తబడితే రిమ్ పోయినట్టే. ద్రావకం వాడొచ్చో లేదో రిమ్ తయారీదారు మాన్యువల్ చూసే తేల్చాలి. ఒప్పుకున్నా నానబెట్టకూడదు, తడి గుడ్డతో త్వరగా తుడవడమే. తెల్ల గుడ్డకు నల్లటి పొడి అంటడం మొదలైతే ఆపేయండి. అది రిమ్ కావచ్చు. పెయింట్ ఊడదీసే ద్రావకాలు ఏ కార్బన్ మీదా వద్దు.

నిమ్మజాతి నూనెల రిమూవర్లు ఘాటు తక్కువే గానీ జిడ్డు పొరను వదిలిపోతాయి. సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవకపోతే కొత్త జిగురు పట్టదు.

టైరు మీద మాత్రం ఏ ద్రావకమూ వేయొద్దు. బేస్ టేపును పట్టి ఉంచేది ఎక్కువగా లేటెక్స్, ద్రావకం దాన్ని పాడుచేస్తుంది. కొంచెం గాలి కొడితే టైరు తిరగబడి బేస్ టేప్ బయటికి ఉబ్బుతుంది, అప్పుడు ముద్దలను వేళ్లతో తీయండి. టేపు అంచు లేచి ఉంటే ద్రవ లేటెక్స్‌తో అంటించాలి. దారాలు తెగి కనిపిస్తే ఆ టైరు పక్కన పడేయాల్సిందే.

ఒంటి సంగతి కూడా. బల్ల మీద దొరికే పలచటి నైట్రైల్ గ్లోవ్స్‌లోంచి అసిటోన్ నిమిషాల్లో దిగిపోతుంది. బ్యూటైల్ రబ్బరువి అడగండి. అడగడానికి మొహమాటం వద్దు. ప్రతి రసాయనానికీ 16 భాగాల భద్రతా పత్రం ఉంటుంది, అందులో 8వ భాగం ఏ గ్లోవ్స్, ఏ గాలి ఏర్పాటు కావాలో చెబుతుంది. భాష రాకపోయినా ఆ అంకె చూపించి మాట్లాడొచ్చు. అసిటోన్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకి దూరంగా ఉన్న నిప్పురవ్వను కూడా అందుకుంటుంది. తలుపు తెరిచి పని చేయండి, హీట్ గన్ ప్లగ్గు పీకేయండి, వాడిన గుడ్డలు మూత ఉన్న లోహపు డబ్బాలోకి.

చివరగా జాబ్ కార్డు మీద ఏం చూశారో, ఏ జిగురు తీశారో, ఎంత ఉంచారో రాయండి. నోటితో చెప్పింది యాసలో పోతుంది. రాసి ఉంటే మర్నాడు పూత వేసేవాడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.