పంచిపెట్టేందుకు చేసే చాక్లెట్ చిప్ కుకీలు

ఇంట్లో పిల్లల కోసం చేసే చాక్లెట్ చిప్ కుకీలు ఓవెన్ నుంచి తీసిన కాసేపటికే చెల్లిపోతాయి. క్రిస్మస్ సెలవులకు ఇరుగుపొరుగు వారికి ఇవ్వడానికి చేసే కుకీల సంగతి అలా కాదు. వాటిని చల్లార్చి డబ్బాలో సర్దుతాము, ఆ డబ్బా మరొకరి ఇంట్లో ఒకటి రెండు రోజులు మూత తీయకుండానే ఉంటుంది, చివరకు చుట్టాలు వచ్చిన ఏ సాయంత్రమో కాఫీతో పాటు బయటకు వస్తుంది. అందువల్ల కానుకగా ఇచ్చే కుకీని మొదటి గంట రుచి కోసం కాకుండా, మూడో రోజు రుచి కోసం చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

మేము ఉంటున్న మసాచుసెట్స్ రాష్ట్రమే ఈ కుకీకి పుట్టినిల్లు. విట్‌మన్ అనే ఊరిలో టోల్ హౌస్ ఇన్ అనే భోజనశాలను భర్తతో కలిసి నడిపిన రూత్ వేక్‌ఫీల్డ్, 1930ల చివరలో, నెస్లే చాక్లెట్ బిళ్ళను ముక్కలు చేసి పిండిలో కలిపి దీనిని తయారు చేశారు. ఇది పొరపాటున కుదిరిన వంటకమని చెప్పే కథలు నాకు నచ్చవు. ఆమె గృహ విజ్ఞానం చదువుకున్న, వంటల పుస్తకం రాసిన, చేయి తిరిగిన వంటగత్తె. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ రాష్ట్రపు సైనికులకు ఇళ్ళ నుంచి వెళ్ళిన పొట్లాలలో ఈ కుకీలు సముద్రాలు దాటాయి, తోటి సైనికులు వాటిని రుచి చూసి తమ ఇళ్ళకు ఉత్తరాలు రాసి తెప్పించుకున్నారు. అంటే దూరం పంపడం, నిలవ ఉండడం ఈ కుకీకి మొదటి నుంచీ అలవాటే. 1997లో మసాచుసెట్స్ దీనిని తన అధికారిక కుకీగా ప్రకటించింది.

చాక్లెట్ చిప్స్ ప్యాకెట్ మీద అచ్చు వేసే కొలతలనే నేను ఆధారంగా తీసుకుంటాను: రెండుంపావు కప్పుల మైదా, ఒక కప్పు వెన్న, చక్కెర, బ్రౌన్ షుగర్ చెరి ముప్పావు కప్పు, రెండు గుడ్లు, ఒక్కొక్క చిన్న చెంచా వంట సోడా, ఉప్పు, వెనిల్లా, 340 గ్రాముల చిప్స్. పంచిపెట్టడానికి చేసేటప్పుడు ఇందులో ఒక్క మార్పు తప్పనిసరి. తెల్ల చక్కెరను అర కప్పుకు తగ్గించి, ఆ మేరకు బ్రౌన్ షుగర్‌ను ఒక కప్పుకు పెంచాలి. బ్రౌన్ షుగర్‌లో ఉండే మొలాసిస్ అనే ముదురు చెరకు పాకం తేమను పట్టి ఉంచుతుంది కనుక కుకీ మూడో రోజున కూడా మెత్తగా విరుగుతుంది, పైగా మన బెల్లాన్ని తలపించే కమ్మదనం వస్తుంది. మొలాసిస్‌కు ఉన్న కొద్దిపాటి పులుపు గుణం వంట సోడాతో కలిసి పిండిని పొంగిస్తుంది కూడా.

అసలైన పనితనమంతా పిండిని ఊరనివ్వడంలో ఉంది. కలిపిన వెంటనే పిండి జిగటగా, మెరుస్తూ, చెంచాకు అంటుకుంటూ ఉంటుంది. దానిని మూత పెట్టి 24 నుంచి 36 గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే గుడ్డులోని, వెన్నలోని నీటిని మైదా నెమ్మదిగా పీల్చుకుంటుంది. మర్నాడు తీసి చూస్తే మెరుపు పోయి, ముదురు రంగుకు తిరిగి, వేలితో నొక్కినా లొంగనంత గట్టిగా ఉంటుంది. ఇలా ఊరిన పిండి ఓవెన్ వేడికి వెన్న ఒక్కసారిగా కరిగి పలుచగా పరుచుకుపోకుండా నిలదొక్కుకుంటుంది, అంచులు చక్కగా ఎర్రబడతాయి. అదే రోజు కలిపి అదే రోజు కాల్చి పంచేవారు ఈ ఒక్క రోజు ఓపిక పడితే తేడా వారికే తెలుస్తుంది.

నిమ్మకాయంత ఉండలు చేసి, 375 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద పది పదకొండు నిమిషాలు కాల్చాలి. అంచులు బంగారు రంగుకు వచ్చి నడిమి భాగం ఇంకా పచ్చిగా ఉన్నట్లు అనిపించినప్పుడే ట్రేను బయటకు తీయాలి, ఎందుకంటే ట్రేలోని వేడికి మరో ఐదు నిమిషాలు అది ఉడుకుతూనే ఉంటుంది. ఆ తరువాత జాలీ మీదకు మార్చి పూర్తిగా చల్లారనివ్వాలి. లోపల ఏమాత్రం వెచ్చదనం మిగిలినా డబ్బాలో ఆవిరి పట్టి, తెల్లవారేసరికి అంచుల కరకర పోతుంది.

సర్దడానికి రేకు డబ్బా శ్రేష్ఠం. వరుసకు వరుసకు మధ్య బేకింగ్ కాగితం పరచి, పైన ఒక బ్రెడ్ ముక్క ఉంచితే అందులోని తేమను కుకీలు పీల్చుకుని మెత్తగా ఉంటాయి. కరకరలాడే జంతికలను, మురుకులను వీటితో ఒకే డబ్బాలో పెట్టకూడదు, కుకీల తేమకు అవి మెత్తబడిపోతాయి. పొరుగు వారికి రెండూ రుచి చూపించాలనుకుంటే రెండు డబ్బాలు ఇవ్వడమే మర్యాద.

ఇచ్చే మనిషిని బట్టి పదార్థాలు మారాలి. మన తెలుగు కుటుంబాలలో గుడ్డు ముట్టని పెద్దవారు చాలా మంది ఉంటారు. వారి కోసం ఒక్కొక్క గుడ్డుకు బదులు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు పెద్ద చెంచాల నీటిలో నానబెట్టి వాడవచ్చు, కుకీ కాస్త సాంద్రంగా వస్తుంది గాని రుచికి లోటుండదు. అక్రోటు ముక్కలు వేస్తే చాలా బాగుంటుంది, అయినా గింజలు పడనివారు ఏ ఇంట్లో ఉన్నారో మనకు తెలియదు కనుక పంచేవాటిలో వేయకపోవడమే మేలు. మైదా, వెన్న, గుడ్డు ఉన్నాయో లేవో, ఏ తేదీన కాల్చారో ఒక చీటీ మీద రాసి మూతకు అంటించాలి. పిల్లల టీచర్లకు పంపే ముందు బడిలో అడగడం మంచిది, ఇంట్లో చేసిన తినుబండారాలను అనుమతించని బడులు ఉన్నాయి. తపాలా తెచ్చే ఉద్యోగికి నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. అమెరికా తపాలా శాఖ నిబంధనల ప్రకారం వారు నగదు తీసుకోకూడదు గాని, ఒక సందర్భానికి 20 డాలర్లకు మించని కానుకను స్వీకరించవచ్చు. మంచులోనూ గడప గడపకూ తిరిగే ఆ మనిషికి మొదటి డబ్బా ఇవ్వడం నాకు ఎంతో ఇష్టమైన పని.

ఇన్ని డబ్బాలకు ఒకే రోజు కాల్చాలంటే శ్రమే కనుక, డిసెంబరు మొదటి వారంలోనే పిండి కలిపి, ఊరిన తరువాత ఉండలు చేసి, ట్రే మీద గడ్డ కట్టించి సంచులలో వేసి ఫ్రీజర్‌లో దాచుకోవాలి. ఎవరికి ఇవ్వవలసి వస్తే ఆ ముందు రాత్రి కావలసినన్ని తీసి, గడ్డ కరగకముందే ఓవెన్‌లో పెట్టి రెండు నిమిషాలు ఎక్కువ కాల్చితే సరిపోతుంది.