కోనవలస ఘాట్‌లో చల్లగా ఉన్న చక్రం

లారీ బ్రేకులు మాడిన వాసన ఒక్కసారి ముక్కుకి పట్టిందంటే ఇక మర్చిపోలేం. రబ్బరు కాలినట్టూ కాదు, వైరు కాలినట్టూ కాదు. వెల్డింగు షాపు పక్కన ఎవరో వెంట్రుకలు కాలుస్తున్నట్టు ఉంటుంది. కిందటి జనవరిలో నాకా వాసన మొదటిసారి తెలిసింది. ఒడిశా వైపు నుంచి అల్లం బస్తాలు వేసుకుని, సుంకి దాటి సాలూరు ఘాట్ దిగుతున్నాం. సగం దిగాక పెడల్ తొక్కితే కాలు కిందికి వెళ్తోంది గానీ లారీ మాత్రం తన మానాన తను పోతోంది. గాలి మీటరు చూస్తే ముల్లు నిండుగానే ఉంది. పక్క సీట్లో ఉన్న మా చిన్నమావయ్య "రెండులోకి లాగు, రెండులోకి!" అని అరిచాడు. గేరు గరగరమంటూ పడింది, కొండవైపు గట్టుకి బంపరు రాసుకుంటూ బండి ఆగింది. మొత్తం ఒక నిమిషం కూడా పట్టలేదు. దిగి చూస్తే వెనక చక్రాల్లోంచి తెల్లటి పొగ. ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి, బీడీ వెలిగించుకుందామంటే చెయ్యి వణికి మూడు అగ్గిపుల్లలు పాడుచేశాడు.

మా బండి ఆర్మీ వేలంలో పోయిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ లారీ. విజయనగరంలో మా వీధి పిల్లలు దాన్ని 'యుద్ధ ట్యాంకు' అంటారు. కొండల్లో రోడ్డులేని ఊళ్లకి సిమెంటు, ఇసుక, పైపులు చేరవెయ్యడం దాని పని. గెడ్డలు, అంటే వాగులు, దాటుతుంది, బురదలో కూరుకుపోయినా లేచి వస్తుంది. కొన్నప్పుడు నేను ఇంజిన్ చూశాను, టైర్లు చూశాను, ఛాసిస్ కింద దూరి తుప్పు చూశాను. బ్రేకులు? తొక్కితే ఆగింది, సరే అనుకున్నాను.

ఆ రోజు ఏం జరిగిందో తర్వాత మావయ్యే విప్పి చెప్పాడు. మా దానికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు, గాలితో పనిచేసే బ్రేకులు. తొక్కినప్పుడు గాలి వచ్చి ఒక కడ్డీని తోస్తుంది, కడ్డీ ఒక చేతిని తిప్పుతుంది, ఆ చేతికి అవతలి కొసన 'ఎస్' అక్షరంలా ఉన్న క్యామ్ తిరిగి డ్రమ్ము లోపలున్న రెండు వంపు బద్దల్ని, వాటినే షూలంటారు, డ్రమ్ముకి నొక్కుతుంది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచిస్తుంది, అంటే షూలకి దూరం జరుగుతుంది. కడ్డీ ఇంకొంచెం ఎక్కువ దూరం రావాలి. అప్పటికే షూల మీద రాపిడి పొర, అదే లైనింగు, అరిగిపోయి, షూకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే అడ్జస్ట్‌మెంటు లూజుగా ఉంటే కడ్డీ తన కొస దాకా వచ్చేసి అక్కడ ఆగిపోతుంది. ట్యాంకులో గాలి ఎంత ఉన్నా ఇక దండగ. పైగా లైనింగు కూడా మాడిపోయి జారుతుంది. ఆరు టన్నుల బండి వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే, నేను లెక్కేసి చూశాను, లీటరున్నర డీజిల్ మండితే పుట్టేంత వేడి ఎక్కడో ఒకచోట బయటపడాలి. అదంతా నాలుగు డ్రమ్ముల నెత్తిన వేశాను నేను.

ఇంటికొచ్చాక నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులు వేయించేద్దామన్నాను. మావయ్య నవ్వాడు. డిస్కు వెయ్యాలంటే హబ్బు మార్చాలి, ఇరుసు మీద కొత్త బ్రాకెట్ కావాలి, రిమ్ములో డిస్కుని నొక్కిపట్టే కాలిపర్ పడుతుందో లేదో చూడాలి, గాలి లెక్కలన్నీ మారతాయి. అంతా చేశాక ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్తే అక్కడ అడిగేవాడు వేరే ఉంటాడు. 2015 నుంచి కొత్త పెద్ద లారీలకి, బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి, మాది అంతకంటే చాలా పాతది, దాని జోలికీ పోలేదు. చివరికి ఉన్న డ్రమ్ముల్నే గట్టిగా చేయించడానికి సాలూరు తీసుకెళ్లాం.

సాలూరు లారీల ఊరు. 2022లో జిల్లాల విభజనతో పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ మా నోటికి ఇంకా విజయనగరం జిల్లా సాలూరే. అక్కడ బాడీ కట్టేవాళ్లు, పట్టీలు వేసేవాళ్లు, లైనింగులు కొట్టేవాళ్లు పక్కపక్కనే దొరుకుతారు. దసరాకి ముందు వారం రోజులు అక్కడే ఉన్నాం. మేస్త్రి మొదటి డ్రమ్ము ఊడదీయగానే లోపల నల్లటి పొడి. నేను అలవాటుగా గాలి పైపు అందుకోబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"ఊదకండి బాబూ, పాత లైనింగుల్లో రాతినార, అదే ఆస్‌బెస్టాస్, ఉంటది, ఊపిరితిత్తుల్లో కూకుంటది. తడిగుడ్డ పెట్టి తుడవండి."

డ్రమ్ము లోపల అక్కడక్కడా నీలం మచ్చలు, సన్నటి వెంట్రుకవాసి చీలికలు. డ్రమ్ము ఎంతవరకు అరగవచ్చో లోపలి కొలత దాని మీదే పోతపోసి ఉంటుంది, అది కూడా దాటిపోయింది. వెనక ఎడమ చక్రం ఆయిల్ సీలు కారి లైనింగంతా జిడ్డు. అది కడిగి మళ్లీ వేసేది కాదు, మార్చాల్సిందే. ఒక పక్క మారిస్తే అదే ఇరుసు మీద రెండో పక్క కూడా మార్చాలి, లేకపోతే తొక్కినప్పుడు బండి ఒక వైపుకి లాగుతుంది. కొత్త లైనింగుకి రివెట్లు మధ్యలోంచి మొదలుపెట్టి చివర్లకి కొట్టుకుంటూ పోయాడు మేస్త్రి. చివర్ల నుంచి మొదలెడితే మధ్యలో ఉబ్బి షూకి అతుక్కోదట. ఆ టకటకలు వింటూ నేను రెండు రోజులు బల్ల మీద కూర్చుని టీలు తాగాను. అంత శ్రద్ధగా పని చేసే మనిషిని చూస్తూ కూర్చోవడం కూడా ఒక యాత్రే నాకు.

వెనక రెండిటికీ వాటంతట అవే బిగుసుకునే ఆటోమేటిక్ అడ్జస్టర్లు, ముందువాటికి సరిపడేవి దొరక్క పాత చేతి అడ్జస్టర్లే ఉంచాం. సైలెన్సరు పైపులో పొగని అడ్డగించి ఇంజిన్‌తోనే బండిని నెమ్మది చేసే ఎగ్జాస్ట్ బ్రేకు, గాలిలోని తేమని పట్టే ఎయిర్ డ్రయ్యర్, రాళ్లకి తగలకుండా కొత్త దారిలో వేసిన గొట్టాలు. ఖర్చు సంగతి మా ఇంట్లో ఎవరూ అడక్కుండా ఉంటేనే నాకు మంచిది.

డిసెంబరులో తెల్లవారుజామున నాలుగింటికి విజయనగరంలో బయల్దేరాం. కొండ మీద ఒక ఊళ్లో ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి పైపుల్లో ఇళ్ల దగ్గరికి నీళ్లు దింపే పని జరుగుతోంది. వాళ్లకి సిమెంటు, పైపులు, కాస్త ఇనుము. గజపతినగరం దాకా ఒకటే మంచు. మానాపురం దగ్గర తోలుకెళ్తున్న ఎడ్ల వెనక పది నిమిషాలు నెమ్మదిగా పాకాం. రామభద్రపురంలో అప్పటికే కూరగాయల బస్తాలు రోడ్డెక్కాయి. సాలూరులో ఇడ్లీ.

ఘాట్ ఎక్కేముందు మావయ్య ఒక తంతు చేయిస్తాడు. గాలి నిండేదాకా ఇంజిన్ తిప్పి ఆపేసి, పెడల్ తొక్కిపట్టి నిమిషం సేపు మీటరు చూడాలి. ముల్లు 0.2 బార్ కంటే ఎక్కువ దిగకూడదు. తర్వాత గొట్టాల కీళ్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ఆ తర్వాత ముందు చక్రాల అడ్జస్టర్లు. చక్రాల కింద కర్రదిమ్మలు పెట్టి, నేను వెల్లకిలా దూరాను. చల్లటి తారు వీపుకి తగిలి పళ్లు టకటకలాడాయి. స్పానర్ పెట్టి షూ డ్రమ్ముకి ఆనేదాకా తిప్పి, అక్కడి నుంచి అర చుట్టు వెనక్కి. ఎడమవైపుది వెన్నలా తిరిగింది. కుడివైపుది కొంచెం బిగువుగా ఉంది. బురద పట్టి ఉంటుందిలే అనుకుని లేచి బట్టలు దులుపుకున్నాను.

పి.కోనవలస దాటాక ఎక్కుడు. పాత 43, ఇప్పుడు 26 అంటారు ఈ జాతీయ రహదారిని. బొగ్గు లారీలు, ఒడిశా బస్సులు, మలుపులో హారన్లు. ఎక్కేటప్పుడు బ్రేకుల పనే ఉండదు, అందుకే ఎక్కేటప్పుడు అందరం మంచి డ్రైవర్లమే. పొట్టంగి వైపు వెళ్తుంటే దూరంగా దేవమాలి కనిపిస్తుందేమోనని చూశాను. 1,672 మీటర్ల కొండ, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది, మబ్బులో ఉంది.

మట్టిదారిలోకి తిరిగాక లో గేరులో పెట్టి ఫోర్ వీల్ వేశాం. గెడ్డ దాటేటప్పుడు నీళ్లు హబ్బుల దాకా వచ్చాయి. అవతలి ఒడ్డున బ్రేకు తొక్కితే పట్టులేదు. డ్రమ్ముల్లోకి నీళ్లు చేరితే అంతే. కాలు సన్నగా ఆనించి ఒక వంద గజాలు నడిపితే తడి ఆరి మళ్లీ పట్టింది. అప్పుడే గమనించాను, తొక్కినప్పుడు స్టీరింగు కొంచెం ఎడమకి లాగుతోంది. దారే ఎడమకి వాలుగా ఉందిలే, దానివల్లే అనుకున్నాను.

ఊళ్లో సామాను దింపారు. రాగి అంబలి, ఎండుచేప పులుసు. తిరుగుబండి ఖాళీగా ఎందుకని ముప్పై అల్లం బస్తాలు ఎక్కించారు. మావయ్య బస్తాలు లెక్కపెట్టి నా వైపు చూశాడు, ఏమీ అనలేదు.

దిగుడు మొదలయ్యేచోట నన్ను ఆపాడు.

"ఏ గేర్లో ఎక్కినావు ఇక్కడ?"

"మూడు."

"అయితే రెండులో దిగు. బరువుంది గదా. మద్దిలో గేరు మార్సకు. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకు, తొక్కితే గట్టిగా తొక్కు, పది తగ్గగానే ఒగ్గేయ్. ఇంజిన్ మాత్రం ఆపకు, ఆపితే గాలెవడు పోత్తాడు?"

ఎగ్జాస్ట్ బ్రేకు స్విచ్ వేస్తే సైలెన్సరు గొంతు నొక్కినట్టు మూలుగుతుంది. ఆ మూలుగే లారీని పట్టుకుని ఉంటుంది. నాలుగైదు మలుపులు నేను పెడల్ ముట్టుకోలేదు. వెనక కారువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, కొట్టనీ. కిందటిసారి బంపరు రాసుకున్న గట్టు వచ్చింది. అక్కడ రాయి మీద మా ఆకుపచ్చ రంగు ఇంకా ఉంది. మావయ్య దానికి దండం పెట్టాడు, వేళాకోళానికో నిజానికో తెలీలేదు. ఈసారి వాసన రాలేదు. తొక్కిన ప్రతిసారీ ఎడమకి లాగడం మాత్రం పోలేదు, తారురోడ్డు మీద కూడా.

కోనవలస దగ్గర వెడల్పుగా ఉన్నచోట ఆపాం. నేను గర్వంగా నీళ్ల సీసా తీసుకుని చక్రాల మీద పోయబోతే మావయ్య లాక్కున్నాడు. కాగిన డ్రమ్ము మీద నీళ్లు పోస్తే చీలిపోతుందట. బదులుగా అరచేతి వెనక భాగం ప్రతి చక్రం దగ్గర, తగలకుండా, పెట్టి చూడమన్నాడు. వెనక రెండూ సెగ. ముందు ఎడమది ఇంకా సెగ. ముందు కుడిది చల్లగా ఉంది.

"ఇది బాగుంది మావయ్యా, అసలు వేడే ఎక్కలేదు."

"ఓరి నీ తెలివి తగలెయ్య. వేడెక్కిన సక్రం పని సేసింది. సల్లగున్నది పని ఎగ్గొట్టింది."

నన్ను కిందికి పంపి తను పెడల్ తొక్కాడు. ఎడమవైపు కడ్డీ టక్కున బయటికొచ్చి, వదలగానే టక్కున వెనక్కి పోయింది. కుడివైపుది వేలెడు కూడా రాలేదు, వచ్చింది కూడా నిద్రలో నడిచినట్టు మెల్లిగా వెనక్కి వెళ్లింది. క్యామ్‌ని తిప్పే షాఫ్టు, అది తిరిగే బుష్షులో పట్టేసింది. గ్రీజు లేదు. వానాకాలంలో గెడ్డ దాటిన ప్రతిసారీ నాలుగు క్యామ్‌లకీ గ్రీజు కొట్టాలని మేస్త్రి చెప్పాడు. మూడింటికి కొట్టాను. నాలుగోదాని నిపుల్, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మొన, నోట్లో మట్టి ఉండి గ్రీజు ఎక్కకపోతే తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. ఒకసారి కాదు, రెండు నెలలు.

డ్రమ్ములు బాగా చల్లారేదాకా కూర్చుని, సాలూరు దాకా రెండో గేరులోనే పాకుతూ వెళ్లాం. మేస్త్రి షెడ్డు మూసేస్తున్నాడు. మమ్మల్ని చూసి మళ్లీ లైటు వేశాడు. పాత నిపుల్ ఊడదీసి, షాఫ్టు ఊడగొట్టి, తుప్పు గీకి, కొత్త నిపుల్ బిగించి, గ్రీజు గన్ను తను పట్టుకోకుండా నా చేతికిచ్చాడు. పాత నల్ల గ్రీజంతా బయటికి వచ్చి కొత్త పసుపు గ్రీజు కనిపించేదాకా కొట్టమన్నాడు. కొట్టాను. మావయ్య గాలి ట్యాంకు కింద నీళ్లు వదిలే రింగు లాగాడు. డ్రయ్యర్ ఉన్నా గుక్కెడు నీళ్లు బుస్సుమని రోడ్డు మీద పడ్డాయి.

"మిగతా మూడింటికీ కొట్టు," అన్నాడు.

"వాటికి కొట్టాను గదా మావయ్యా, పోయిన వారమే."

"గన్ను సేతిలోనే ఉంది గదా," అని బల్ల మీద కూర్చుని బీడీ వెలిగించాడు. ఈసారి ఒక్క పుల్లకే అంటుకుంది.