తవ్వకండి, ఇంకా లేస్తాయి

వసంతం మొదలైంది, చలిదేశాల పూలమొక్క పియోనీ లేచింది. ఆకులు రాలే కాలంలో కాడలు నేలమట్టానికి కోసేశాక ఆ చోట మట్టి తప్ప ఏమీ కనపడలేదు. ఇప్పుడు ఎండుటాకుల్ని వేలితో మెల్లగా పక్కకి జరిపితే, చిటికెన వేలి గోరంత మొలకలు, గుంపుగా, ముదురు ఎరుపులో. ఆకుపచ్చ ఎక్కడా లేదు. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగు పదార్థానిది. ఆకు విచ్చుకుని పత్రహరితం పెరిగేకొద్దీ పచ్చదనం పైకి తేలుతుంది. పువ్వు కన్నా నాకు ఈ కొద్ది రోజులే ఎక్కువ ఇష్టం.

దీన్ని నిలబడి చూస్తే లాభం లేదు, మోకాళ్ల మీద కూర్చోవాలి. ఒక్కో మొలక చుట్టూ పొలుసులు బిగిసి ఉంటాయి. అవి వదులయ్యాక లోపలి ఆకులు పసిపిల్ల పిడికిలిలా ముడుచుకునే బయటికి వస్తాయి. ఈ మొలకలు పుట్టిన మొగ్గలు నిన్నమొన్నటివి కావు, కిందటేడే నేలలో మొక్క వేరు పైకొసన తయారై ఉన్నాయి. వేసవిలో ఆకులు కూడబెట్టిన పిండిపదార్థమే ఇప్పటి తిండి. చలి తగినంత పడితేగానీ మొగ్గకి నిద్ర వదలదు. నాటేటప్పుడు వాటి మీద 5 సెంటీమీటర్లకు మించి మట్టి ఉండకూడదు. లోతు ఎక్కువైతే ఆకులొస్తాయి గానీ పూలు రావడం కష్టం. అందుకే చలికాలంలో కప్పిన ఎరువు, ఆకులు ఏవైనా కుదురు మీద పేరుకుని ఉంటే ఇప్పుడే తీసేస్తాను.

ఉల్లిజాతి ఆకుకూర చైవ్స్ ఎప్పుడో వచ్చేశాయి. పుదీనా కూడా నేల కింద పాకిన కాడల మీంచి అక్కడక్కడా ఊదారంగు చిగుళ్లు వేస్తోంది. వెడల్పాటి ఆకుల హోస్టా జాడ లేదు, నేల ఇంకా వెచ్చబడాలి. బుడగల్లాంటి మొగ్గల బెలూన్ ఫ్లవర్ అంతకన్నా బద్ధకం. ఇక చలికి తట్టుకునే పెద్దపూల మందార అయితే వసంతం చివరిదాకా ఎండుపుల్లలే. చచ్చిపోయిందని చాలామంది పెకలించి పారేసేది దీన్నే. ప్రాణం ఉన్న మొక్క అలా చెత్తలోకి పోతుంటే మనసు ఉసూరుమంటుంది. దయచేసి ఆగండి. పాత కాడ కొంచెం మిగిల్చి, పక్కన పేరు రాసిన పుల్ల గుచ్చితే పార ఆ చోటికి పోదు. బోలు కాడల్లో చిన్న తేనెటీగలు చలికాలం గడుపుతాయి, అన్నీ ఒకేసారి కోసేయకపోవడానికి అదీ ఒక కారణం.

మట్టి తడిగా ఉన్నప్పుడు మాత్రం పాదుల్లో అడుగు పెట్టొద్దు. గాలి ఆడే సందులు మూసుకుపోతాయి, పైకి రావాల్సిన మొలకలు నలుగుతాయి. కలుపు తీయక తప్పకపోతే చెక్కపలక వేసి దాని మీద నిలబడతాను.

ఈ రాత్రి గడ్డకట్టే చలి ఉంటుందట. ఆస్టిల్బే అనే పూలమొక్క తొందరపడి ఆకు విప్పింది, ఆ లేతాకు మాడిపోకుండా చీకటి పడేలోగా పాత దుప్పటి కప్పాలి. పొద్దున ఎండ రాగానే తీసేయాలి.