పెరూజాలో పాలతాలికలు

ఇటలీలోని పెరూజాలో మొదటి రాత్రి నాకు పెట్టిన రొట్టెలో ఉప్పు లేదు. వేయడం మర్చిపోయారేమో అనుకుని తినేశాను. మర్నాడు బజార్లో కొన్న రొట్టె కూడా అంతే. అప్పుడు నేను దిగిన ఇంటి ఆవిడ చెప్పింది, దాని పేరే 'పానె షాపో' అని. చప్పిడి రొట్టె అన్నమాట. 1540లో పోప్ మూడవ పాల్ ఉప్పు మీద పన్ను పెంచితే ఊరు తిరగబడి ఓడిపోయిందట. ఆ పంతంతోనే రొట్టెలో ఉప్పు మానేశారని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ కథని అందరు చరిత్రకారులూ ఒప్పుకోరు. కానీ గెలిచిన పోప్ ఊరి నెత్తిన కట్టించిన రొక్కా పవొలీనా కోట మాత్రం కళ్ళెదుటే ఉంది. ఓడినవాళ్ళ ఇళ్ళ మీదే దాన్ని కట్టారు. కోట పైభాగాన్ని తర్వాత జనమే పడగొట్టారు, అడుగుభాగం మిగిలింది. ఇప్పుడు దాని లోపలినుంచే ఎస్కలేటర్ల మీద ఊళ్ళోకి ఎక్కి వస్తారు. రెండు పక్కలా పాత ఇళ్ళ గుమ్మాలు, కిటికీలు ఉంటాయి, పైన ఇటుక కప్పు ఉంటుంది. ఆకాశం లేని ఆ వీధిలో నేను రోజూ కాసేపు ఆగేదాన్ని.

గుంటూరులో ముప్పై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. తెలుగు 'తూర్పు ఇటాలియన్' అని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క లేదు. పదిహేనో శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన వెనిస్ వ్యాపారి నికొలో దే కోంతి ఆ మాట అన్నాడని మనం చెప్పుకుంటాం. పోజో బ్రాచ్చొలీనీ అనే ఇటాలియన్ పండితుడు రాసిపెట్టిన ఆయన యాత్రా కథనం చదివితే అందులో నాకు ఆ మాట కనపడలేదు. అప్పుడనిపించింది, ఎవరో అన్నారని చెప్పడం కాదు, నా చెవితో నేను వినాలి అని. ఆ కోరికతోనే సెప్టెంబరులో నాలుగు వారాలకు బయల్దేరాను. రోమ్‌లో విమానం దిగి, రైల్లో పెరూజా చేరి, డ్రైవరు లేని మినీమెట్రోలో కొండెక్కాను.

పరదేశీయులకు ఇటాలియన్ నేర్పడానికి 1921లో మొదలైన చదువు ఈ ఊళ్ళో ఇప్పుడొక విశ్వవిద్యాలయం. దాని భవనం ఎదురుగా రెండు వేల ఏళ్ళు దాటిన, రోమన్లకంటే ముందు ఇక్కడున్న ఎత్రుస్కన్ల రాతి ద్వారం ఉంటుంది. నేను చేరింది దానికి కాస్త దూరంలో ఉన్న చిన్న బడిలో. తరగతిలో తొమ్మిది మందిమి, నేనే పెద్దదాన్ని.

రెండో రోజు టీచరమ్మ బోర్డు మీద జంటలు రాసింది. పాల అంటే పార, పల్ల అంటే బంతి. సేతె అంటే దాహం, సెత్తె అంటే ఏడు. నోనో తొమ్మిదోది, నొన్నో తాతగారు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న పిల్లలకు ఆ తేడా పలకడం చాలా కష్టమైంది. నాకు మాత్రం గుడికీ గుడ్డికీ ఉన్న తేడాలా వినపడింది. నోట్సు తెలుగు లిపిలో రాసుకున్నాక ఇంకో సంగతి తెలిసింది. ఒత్తు లేనిచోట ముందున్న అచ్చు సాగుతుంది, ఒత్తు రాగానే కురచవుతుంది. రోమన్ అక్షరాల్లో ఈ సాగడం కనపడదు. మన దీర్ఘం, మన ఒత్తు దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తాయి.

మరొకటి చెప్పకుండా ఉండలేను. అక్షరమాలలో ఞ అనే అక్షరాన్ని పిల్లల చేత దిద్దించి, దానితో మొదలయ్యే మాట చెప్పమంటే తడుముకునేదాన్ని. ఇక్కడ అది వీధివీధినా వినపడుతుంది. అమ్మగారిని సిఞ్ఞోరా అంటారు, స్నానాలగదిని బఞ్ఞో అంటారు. ఇటలీ అని మనం ఇంగ్లీషు మీదుగా తెచ్చుకున్న ట కూడా వాళ్ళ నోట్లో లేదు, ఇతాలియా అంటారు. ఆ త అచ్చంగా మన త.

లింగాల దగ్గర మాత్రం తెలుగు ఏ సాయమూ చేయలేదు. మనకు బల్లా కుర్చీ రెండూ 'అది'. వాళ్ళకు బల్ల మగ, కుర్చీ ఆడ. చెయ్యి అనే మాట చూడ్డానికి మగలా ఉండి ఆడది. వాటిని బట్టీ పట్టడమే.

సాయంత్రాలు కోర్సో వన్నూచ్చి అనే పెద్ద వీధి మీద ఊరంతా షికారు తిరుగుతుంది. ముసలివాళ్ళు కూడా ఇస్త్రీ చొక్కాలు వేసుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుస్తారు. నేను చర్చి మెట్ల మీద కూర్చుని ఎదురుగా ఉన్న ఫొంతానా మజ్జోరేని చూసేదాన్ని. 1278 నాటికి పిజానో తండ్రీకొడుకులు చెక్కిన నీటి తొట్టి అది. దాని పలకల మీద పన్నెండు నెలలకూ పన్నెండు నెలల పనులున్నాయి. పని అంటే వీళ్ళకున్న మర్యాద మాటల్లోనూ ఉంది. కొట్టు తెరిచేవాళ్ళకు, పాఠానికి వెళ్ళేవాళ్ళకు 'బ్వోన్ లవోరో' అంటారు, నీ పని బాగా సాగాలని. ఇలాంటి మాట మనకూ ఒకటుంటే బాగుండును.

మా ఇంటావిడకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నేను 'లేయి' అనే పలకరించేదాన్ని, మన మీరు లాగా. రెండో వారం ఆవిడే ఆపి, ఇక మనం 'తు' అనుకుందాం అంది. పెద్దావిణ్ణి నువ్వు అనడానికి నోరు రాలేదు. నాన్నగారిని మీరు అని, అమ్మని నువ్వు అని పెరిగిన ఇల్లు మాది. ఈవిణ్ణీ అమ్మ అనుకుంటే సరిపోతుందని ఆ రాత్రి అనుకున్నాను. పొద్దున్నే వంటింట్లో "నువ్వు కాఫీ తాగావా?" అని ఇటాలియన్‌లో అడిగాను. ఆవిడ నా బుగ్గ నిమిరింది.

మూడో వారం వినాయక చవితి వచ్చింది. ఆ రోజు ఆవిడ ఉంబ్రిచెల్లి అనే పాస్తా చేస్తోంది. గుడ్డు వేయకుండా, గోధుమపిండిని గోరువెచ్చని నీళ్ళతో కలిపి, తడిబట్ట కప్పి నాననిచ్చింది. తర్వాత సన్నగా కోసి, ఒక్కొక్క ముక్కనీ చెక్క మీద పెట్టి రెండు అరచేతులతో మధ్యనుంచి చివరలకు తోస్తూ పోయింది. వానపాము అనే మాటలోంచే ఆ పేరు వచ్చిందట. ఆ చేతులు చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మా అమ్మ చవితి నాడు పీట ముందు కూర్చుని తాలికలు చేసింది సరిగ్గా ఇలాగే.

బియ్యప్పిండి కొనుక్కొచ్చాను. బెల్లం దొరకలేదు, ముదురు రంగు చెరకు పంచదార దొరికింది. యాలకులు నా సంచీలోనే ఉన్నాయి. మరిగే నీళ్ళలో పిండి ఉక్కించి, వేడి మీదే మర్దించి ఇద్దరం కూర్చుని తాలికలు చేశాం. నావి సన్నగా వచ్చాయి, ఆవిడవి ఉంబ్రిచెల్లి అంత లావుగా వచ్చాయి. మిగిలిన గోధుమపిండితో వేలెడంత వినాయకుణ్ణి చేసి కిటికీ గట్టు మీద పెట్టి, నాలుగు గరికపోచలు వేశాను. ఆవిడ కూడా చేతులు కడుక్కొచ్చి నా పక్కన నిలబడింది.

తింటూ పేరడిగింది. పాలతాలికలు అన్నాను. "పాల?" అంది ఆశ్చర్యపోతూ. మిఠాయిలో పార ఎందుకుందని ఆవిడ సందేహం. పాల అంటే మా భాషలో లత్తె అన్నాను. "పాల, లత్తె. పాల, లత్తె," అని రెండుసార్లు అనుకుంది. దీర్ఘం దీర్ఘంగానే వచ్చింది. తర్వాత నూనె మరకలున్న తన వంటల నోటుబుక్కు తెచ్చి ఒక పేజీలో కొలతలు రాసుకుంది. పైన పేరుకని చోటు వదిలి, పెన్ను నా చేతికిచ్చి మీ అక్షరాల్లో రాయమంది.