డబ్బు ఇంకా చేరలేదు

ఉస్మానియాలో ఎం.ఏ. తెలుగు ఆఖరి పరీక్ష రాసిన పది రోజులకే మాధాపూర్‌లో ఒక చిన్న ఆఫీసులో రైటింగ్ ఇంటర్న్‌గా చేరాను. తార్నాకలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా మాధాపూర్‌లో దిగొచ్చు. డబ్బులు పంపే యాప్‌లో కనిపించే తెలుగు వాక్యాలు రాయడం నా పని.

మొదటి రోజు అరవై వాక్యాల షీట్ ఇచ్చారు. ‘మీ చెల్లింపు విజయవంతంగా పూర్తి చేయబడినది’, ‘చెల్లింపు ప్రక్రియలో ఉంది’ అని నిండుగా రాసి పంపాను. సాయంత్రానికి సగానికి పైగా ఎర్ర రంగుతో తిరిగొచ్చాయి. మా టీమ్ అక్క నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ రెండో వాక్యం పైకి చదివి, “ఇంతకీ డబ్బు వెళ్లినట్టా, వెళ్లనట్టా?” అని అడిగింది. రాసింది నేనే అయినా చెప్పలేకపోయాను.

ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక భాషోద్యమం మీద పరీక్షలో పేజీలకు పేజీలు రాసినదాన్ని. జనం మాట్లాడే తెలుగుకి రాతలో చోటుండాలని నిజంగానే నమ్మినదాన్ని. ఉద్యోగంలో కూర్చోగానే ‘చేయబడినది’ ఎక్కడి నుంచి వచ్చింది? తెలుగువాళ్లు ఎవరూ నోటితో అనని మాట అది.

అప్పుడు మా ఫీల్డ్‌వర్క్ గుర్తొచ్చింది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్ల నుంచి రైతుల మాటలు సేకరింపజేసి తెచ్చిన మాండలిక వృత్తిపదకోశం 1962లో వచ్చింది. తర్వాత చేనేత మాటలకూ ఒక సంపుటం వేశారు. అది చదివాక మమ్మల్ని పోచంపల్లి వైపు మగ్గాల దగ్గరికి పంపారు. మా సార్ చెప్పింది ఒక్కటే. మాట మీరు అందించొద్దు, వస్తువు చూపించి దీన్నేమంటారని అడగండి. నాడె, కండె, ఆసు లాంటి మాటలన్నీ అలాగే నా నోట్‌బుక్‌లోకి వచ్చాయి.

మర్నాడు అదే నోట్‌బుక్ పట్టుకుని తార్నాక మెట్రో మెట్ల కింద పూలమ్మే ఆమె దగ్గరికి వెళ్లాను. ముందు తొందరపడి “ప్రక్రియలో ఉంది అంటే ఏమనుకుంటారమ్మా?” అని అడిగేశాను. ఆమె నవ్వి ఊరుకుంది. మాట నేనే అందించేశానని అప్పుడు తట్టింది. ఈసారి ఫోన్‌లో ఆ స్క్రీన్ తెరిచి, అక్షరాల మీద బొటనవేలు అడ్డం పెట్టి, పసుపు రంగు గుండ్రం ఒక్కటే కనిపించేలా చూపించాను. గిరాకీ ఫోన్ తిప్పి ఇది చూపిస్తే ఏమనుకుంటారు?

“పైసలు నడిమిట్ల ఆగినయ్ అనుకుంట బిడ్డా. గిరాకీని పోనియ్యాల్నా వద్దా సమజ్ గాదు. నాకు వచ్చినయా రాలేదా, గంతే గావాలె.”

చేతిలో మల్లెలు మూరేస్తూనే చెప్పింది. నేను నిలబడి రాసుకున్నాను.

యాప్‌లో ఆ ‘ప్రక్రియలో ఉంది’ వాక్యానికి 20 అక్షరాలే చోటు. ఉత్పలమాల పాదానికీ 20 అక్షరాలే! కాకపోతే కంప్యూటర్ లెక్క వేరు. ఛందస్సులో ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి హల్లులు, పొల్లులు, గుడి దీర్ఘం అన్నీ విడివిడిగా కలిపి ఆరు. ఆ లెక్కన ‘చెల్లింపు ప్రక్రియలో ఉంది’ 25 అవుతుంది, పట్టనే పట్టదు. ‘డబ్బు ఇంకా చేరలేదు’ ఖాళీలతో కలిపి 18. గణాలు కుదరక పాదం తిరగరాసి తిరగరాసి అలవాటైన చేతికి ఈ పని ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అక్క ఆ వాక్యాన్ని మార్చకుండా ఉంచేసింది.

‘పైసలు’ మీద మాత్రం మాకు చాలాసేపు మాట నడిచింది. కంప్యూటర్ లెక్కలో డబ్బు, పైసలు రెండూ ఐదే, కాబట్టి చోటు సమస్య కాదు. యాప్ వరంగల్‌లోనూ వాడతారు, విశాఖలోనూ వాడతారు, డబ్బు అంటే అందరికీ తెలుస్తుందని అక్క అంది. ఆ మాట నిజమే, ఒప్పుకున్నాను. కానీ మా ఇంట్లో ఎవరూ డబ్బు అనరు. ఆ పూలమ్మే ఆమె కూడా అనలేదు. ఈ ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట ‘పైసలు’ పెట్టించాలని నాకు గట్టిగా ఉంది.

నిన్న సాయంత్రం మార్చిన వాక్యం తీసుకెళ్లి ఆమెకి చూపించాను. కళ్లు చిట్లించి, ఫోన్ దూరం పెట్టి, దగ్గర పెట్టి, కూడబలుక్కుని చదివింది. “సమజైంది. గని అచ్చరాలు జర పెద్దగ పెట్టమను బిడ్డా” అంది.

అది రాయడానికి మా షీట్‌లో కాలమ్ లేదు. ఈ రోజు పొద్దున చివర్లో కొత్త కాలమ్ ఒకటి చేర్చి, ఆమె అన్నది అన్నట్టే రాశాను.