అందించొద్దు

31 ఏళ్లు సర్కారు బడిలో సోషల్ చెప్పినదాన్ని. ఇన్‌స్పెక్షన్ రోజున పెద్దసారు అడిగిన ప్రశ్నకి వెనక బెంచీ పిల్లాడు నీళ్లు నములుతుంటే, సారు వీపు వెనక నిలబడి పెదాలతో జవాబు అందించడంలో నన్ను మించినవాళ్లు మా మండలంలో లేరు. రిటైరయ్యాక ఆ అలవాటే ఒక పసిపిల్ల కేసుని దెబ్బతీయబోయింది.

కేసు ఏదో, కోర్టు ఏదో, పాప ఉండే బస్తీ ఏదో రాయను. పిల్ల పేరే కాదు, ఇల్లు, బడి, చుట్టుపక్కల వివరాలు ఏవీ ఆనవాలు పట్టేలా బయటపెట్టొద్దని, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. గుర్తుపట్టేలా ఉన్నవి కొన్ని మార్చాను కూడా. ఆ పిల్లకి ఏం జరిగిందన్నది అసలే రాయను. అది చెప్పాల్సింది ఆ పిల్ల, వినాల్సింది జడ్జి. మధ్యలో మనమెవరం?

నేను చేసే పనిని సపోర్ట్ పర్సన్ అంటారు. తెలుగులో దీనికి సరైన మాట ఇంకా పుట్టలేదు. పాప వాళ్లమ్మ మాత్రం "మా తోడు మేడం" అని ఇరుగుపొరుగుకి చెప్పుకుంటుంది, నాకదే బాగుంది. పోక్సో కేసు నమోదైన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. కేసు అయ్యేదాకా పిల్ల వెంట ఉండేందుకు సమితి ఒక మనిషిని ఇవ్వచ్చు. 2020 నాటి రూల్స్‌లో ఉందీ సంగతి. తోడు కావాలో వద్దో తల్లిదండ్రుల ఇష్టానికి వదిలేయకూడదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. సోషల్ వర్క్, సైకాలజీ లాంటి వాటిలో పీజీ ఉన్నవాళ్లు గానీ, డిగ్రీతో పాటు పిల్లల చదువు, రక్షణ పనుల్లో మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్లు గానీ చేయొచ్చు. నా బీఈడీ, పాఠాలు చెప్పిన ఏళ్లు ఇలా అక్కరకొచ్చాయి. పిల్లల హక్కుల మీద పనిచేసే ఒక సంస్థ ద్వారా చేరాను.

చేరినప్పుడు హైదరాబాద్‌లోని హాకా భవన్‌కి తీసుకెళ్లి చూపించారు. అక్కడ 2016లో, ఇలాంటి దాడులకి గురైన ఆడవాళ్లకీ పిల్లలకీ సాయం చేసే భరోసా కేంద్రం పెట్టారు, 2018లో పిల్లల కోసం ప్రత్యేక కోర్టు కూడా వచ్చింది. చూసి, ఇంకేం, పిల్లలకి భయం ఉండదనుకున్నాను. తర్వాత తెలిసింది, భయం గదిలో కంటే గది బయట బెంచీ మీద ఎక్కువని.

బెంచీ అంటే చెప్పాలి. పదిన్నరకి రమ్మంటారు. పిలుపు పన్నెండింటికి రావచ్చు, మూడింటికి రావచ్చు, రాకపోనూవచ్చు. అటు పీపీ గారికి, అంటే సర్కారు లాయరుకి, ఇంకో కోర్టులో పని, ఇటు డిఫెన్సు లాయరు గారికి జ్వరం. ఒక్కోరోజు జైలు నుంచి ముద్దాయిని తేవడానికి ఎస్కార్టు దొరకలేదంటారు. పిల్ల సాక్ష్యం 30 రోజుల్లో తీసుకోవాలని, వీలైనంతవరకు ఏడాదిలో కేసు తేల్చాలని చట్టంలో ఉంది. మాది ఆ గడువులన్నీ దాటి రెండో ఏట పడింది.

వాళ్లమ్మ నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. "బస్సు ఫ్రీయే మేడం, జీరో టికెట్ ఇస్తరు. నాగా పెడితే జీతంలనే కోస్తరు" అంది ఒకరోజు, కోపం లేకుండా, లెక్క చెప్పినట్టు. ఇలాంటి కుటుంబాలకి తిండికీ రానుపోను ఖర్చుకీ వెంటనే డబ్బు ఇప్పించమని సమితి సిఫారసు చేయొచ్చని, సిఫారసు అందాక వారంలో ఇవ్వాలని రూల్స్‌లోనే ఉంది. ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. కాగితం నేనే రాసిచ్చాను. ఆ కాగితం వెంట ఎన్నిసార్లు తిరిగామన్నది ఇంకో పోస్టు అవుతుంది, వదిలేద్దాం.

నా సంచిలో పార్లే-జీ రెండు ప్యాకెట్లు, నీళ్ల సీసా, పాత ప్రశ్నపత్రాలు (వెనకవైపు బొమ్మలేసుకోవడానికి), నాలుగు చింతగింజలు ఉంటాయి. మొదటి వాయిదా రోజు పాప నాతో మాట్లాడలేదు. మా అత్తగారి వంటింట్లోంచి తెచ్చిన గింజలు చేతిలో పెట్టి, "వీటిని అరగదీసి పెడతావా?" అన్నాను. మెట్టు మీద గొంతుక్కూర్చుని, నాలుక పంటి కింద పెట్టుకుని, ఒక్కో గింజని ఒకవైపు తెల్లగా తేలేదాకా రాతికేసి రుద్దింది. వేలి కొసలు ఎర్రబడ్డాయి. నాలుగోది పూర్తయ్యాక నా అరచేతిలో వరసగా పేర్చి, "అష్టాచెమ్మా అచ్చెనా మీకు?" అంది. అదే మా మొదటి సంభాషణ.

మూడో వాయిదాకి నేనో తప్పు చేశాను. "ఇవాళ్టితో అయిపోతుందిలే" అనేశాను. అయిపోలేదు. ఆ సాయంత్రం ఇంటికి పోతూ పాప నా వైపు చూడలేదు. టీచర్ అబద్ధమాడిందని పిల్లలకి తెలిసిపోయాక క్లాసు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అప్పట్నుంచి తేదీలు చెబుతాను, మాటివ్వను.

చివరికి పిలుపొచ్చిన రోజు. తలుపులు మూసేశారు, పనిలేనివాళ్లని బయటికి పంపేశారు. ముద్దాయి కనపడకుండా తెర కట్టారు. తొమ్మిదేళ్ల పిల్ల కదా, ప్రమాణం చేయించలేదు. జడ్జి మేడం నల్లకోటు లేకుండా మామూలు చీరలో ఉన్నారు. "నేనిప్పుడు ఎర్రచీర కట్టుకున్నా అంటే నిజమా, అబద్ధమా?" అని అడిగారు. పాప ఆవిడని పైనుంచి కిందికి చూసి, "అబద్ధం. మీ చీర గుమ్మడికాయ రంగు" అంది. బెంచ్ క్లర్కు నవ్వాపుకున్నాడు.

లాయర్లు పిల్లని నేరుగా ప్రశ్నించడానికి లేదు. జడ్జికి చెబితే జడ్జే తన మాటల్లో అడుగుతారు. చీఫ్, అంటే సర్కారు తరఫు ప్రశ్నలు, నడుస్తోంది. "ఆ రోజు ఏదైనా పండగా?" అన్నారు మేడం. పాప ఆగిపోయింది. గౌను అంచు వేలికి చుట్టుకుంటోంది. నా వైపు చూసింది.

జవాబు నాకు తెలుసు. స్టేట్‌మెంట్‌లో చదివాను. 31 ఏళ్ల అలవాటు, నాకు తెలియకుండానే పెదాలు "బో" అని గుండ్రమయ్యాయి.

మేడం చూశారు. డిఫెన్సు లాయరు గారూ చూశారు, లేచి నిలబడ్డారు. సాక్షికి నేర్పిస్తున్నారు, ఇది రికార్డు చేయాలన్నారు. ఆయన పని ఆయనది, కాదనలేను. గుండె జారిపోయింది నాకు. పిల్లకి నేర్పించి చెప్పించారు అన్న ఒక్క మాట చాలు, కేసంతా అనుమానంలో పడటానికి. మేడం గొంతు పెంచలేదు. "టీచరమ్మా, మీ కుర్చీ పాప వెనక్కి వేసుకోండి" అన్నారు. నా పెదాలు కదిలినా మాట బయటికి రాలేదని, పాప ఇంకా జవాబివ్వలేదని రాయించారు.

కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. పాపకి నా మొహం కనపడదు, నాకు పాప జడలు తప్ప ఇంకేం కనపడదు. ఎడమ జడ రిబ్బను సగం జారి ఉంది. దాన్ని ముడేయాలని చేతులు లాగుతున్నాయి, ఒళ్లో పెట్టి బిగించుకున్నాను. గోడ గడియారం ముల్లు ఎంత నెమ్మదిగా తిరుగుతుందో ఆ రోజే చూశాను.

అప్పుడు పాప, మెల్లగా: "పోతరాజు అచ్చిండు మా గల్లీలకి. కొరడా సప్పుడుకి భయమైంది నాకు. మంచం కింద దూరిన."

బోనాలు అన్న మాట దాని నోట రానే లేదు. నేను అందించి ఉంటే వచ్చేది, ఆ ఒక్క మాటే వచ్చేది. మంచం వచ్చేది కాదు. ఆ మంచం నుంచి మిగతాదంతా దానంతటదే చెప్పుకుంటూ పోయింది, మధ్యలో ఒకసారి నీళ్లడిగింది, ఒకసారి పదినిమిషాలు బయటికెళ్లొచ్చాం. చీఫ్ అయింది. క్రాస్‌కి, అంటే డిఫెన్సు తరఫు ప్రశ్నలకి, ఇంకో తేదీ వేశారు.

ఆ రాత్రి మా చిన్నమ్మ కూతురికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. అది అమెరికాలో ఇలాంటి పనే చేస్తుంది, అక్కడ కాసా అంటారట. మూడేళ్ల పాప విషయంలో తీర్పివ్వాల్సి వచ్చి, ఆ పిల్ల గురించి తనకి చాలినంత తెలియదే అని సియాటిల్‌లో డేవిడ్ సూకప్ అనే జడ్జి బాధపడి, 1977లో వాలంటీర్లతో మొదలుపెట్టారట. అమ్మానాన్నల దగ్గర దెబ్బలు తిన్న, ఆలనాపాలనా లేని పిల్లల తరఫున మా చెల్లెలు ఇళ్లకీ బళ్లకీ తిరిగి, పిల్ల ఎవరి దగ్గరుంటే మేలో జడ్జికి రిపోర్టు రాస్తుంది. కోర్టులో మాట్లాడుతుంది కూడా.

"అక్కా, మరి నువ్వేం మాట్లాడతావు?" అంది.

"ఏమీ మాట్లాడను. వెనకాల కూర్చుంటాను" అన్నాను. అది కాసేపు ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే కొంచెం కుళ్లుకున్నాను దాన్ని చూసి.

క్రాస్ ఇంకా కాలేదు. నెలనెలా సమితికి రిపోర్టు రాయాలి, పిల్ల ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, ఎంతవరకు తేరుకుంది అని. ఇవాళ దానికే కూర్చున్నాను. బడికి రోజూ వెళ్తోంది. లెక్కల్లో 14 వచ్చాయి, 20కి. తల్లి ఒక ఇల్లు మానేసింది. పాప రాత్రిళ్లు లైటు వేసుకునే పడుకుంటోంది. 'ఎంతవరకు తేరుకుంది' దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆలోచించి, లైటు మాట ఇంకోసారి అక్కడే రాశాను.