దుప్పి, ఉడుత, మా ఇంటి శ్లేషలు

మినియాపొలిస్‌లో చలికాలం సాయంత్రాలకు అంతుండదు. ఐదు కాకముందే చీకటిపడే ఆ రోజులలో గ్రంథాలయం నుంచి తెచ్చుకునే పాత డీవీడీలలో మా తొమ్మిదేళ్ల అమ్మాయికి అన్నిటికంటే నచ్చినవి రాకీ, బుల్‌వింకిల్ కథలు. 1959 నుంచి 1964 వరకు అమెరికా టీవీలో వచ్చిన ఈ బొమ్మల కథలలో రాకీ చురుకైన ఎగిరే ఉడుత; బుల్‌వింకిల్ ఒక మూస్, అంటే ఈ ఉత్తరాది అడవులలో గుర్రాన్ని మించి పెరిగే దుప్పి జాతి జంతువు, మనసు మంచిదే గాని బుర్ర మందం. వీరి కాపురం మా మినెసోటా రాష్ట్రంలోనే, ఫ్రాస్ట్‌బైట్ ఫాల్స్ అనే ఊళ్లో. కెనడా సరిహద్దున ఉన్న ఇంటర్నేషనల్ ఫాల్స్‌ను ఎకసెక్కం చేస్తూ కల్పించిన పేరది; ఫ్రాస్ట్‌బైట్ అంటే గడ్డకట్టే చలికి ఒళ్లు దెబ్బతినడం. జనవరిలో కారు అద్దం మీది మంచు గీకిన వాడికి ఆ పేరును ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

మిగిలిన వాటికి మాత్రం నాకు చెప్పేవారు కావాలి. ఆ బొమ్మలు గీసిన తీరు అంతంతమాత్రమే. కథకు ప్రాణమంతా మాటల విరుపులోనే ఉంది. అమ్మాయి పగలబడి నవ్విన చోట నేను ఒక క్షణం ఆలస్యంగా, ఎక్కువగా మర్యాద కోసం, నవ్వుతుంటాను. బుల్‌వింకిల్ ఫుట్‌బాల్ ఆడే కళాశాల పేరు ‘వాసమాటా యూ’. యూ అంటే యూనివర్సిటీ అనీ, మొత్తం కలిపి పలికితే ‘నీకేమైంది’ అని ఇటాలియన్ వలసదారుల యాసలో అడిగినట్లుంటుందనీ అమ్మాయే నాకు వివరించింది. వలసవచ్చిన వారి యాస మీద వేసిన హాస్యాన్ని, యాస వదలని తండ్రికి, యాస లేని కూతురు ఓపికగా బోధించడం నాకు ఆ హాస్యం కంటే వింతగా తోచింది.

నా వంతు కూడా వచ్చింది. ఒక కథలో బుల్‌వింకిల్‌కు కెంపులు పొదిగిన బుల్లి పడవ దొరుకుతుంది. అది పారశీక కవి ఒమర్ ఖయ్యాం ‘రూబీ యాట్’ అనగానే నేను గట్టిగా నవ్వాను. రూబీ అంటే కెంపు, యాట్ అంటే పడవ; కలిపి పలికితే ఖయ్యాం పద్యాల సంపుటి ‘రుబాయియాత్’ పేరు వినిపిస్తుంది. అమ్మాయి నావైపు తెల్లబోయి చూసింది. ఖయ్యాం రుబాయీలను మా నెల్లూరు సీమ కవి దువ్వూరి రామిరెడ్డి ‘పానశాల’గా తెలుగు చేశారు. ఆ పద్యాలు మా నాన్నగారికి నోటికి వచ్చు. అమెరికా దుప్పి వేసిన శ్లేషను తెలుగు పద్యం ఆసరాతో అందుకున్నానని చెబితే అమ్మాయి నమ్మలేదు. పడవను పక్కన పెట్టి, రుబాయీ అంటే నాలుగు పాదాల పద్యమని మొదలుపెట్టవలసి వచ్చింది. అప్పటికి శ్లేష చల్లారిపోయింది. పోనీ, వాసమాటా యూ కూడా నాకు చల్లారాకే అందింది కదా!

ఆ ఆదివారం నెల్లూరు నుంచి మా అమ్మ వీడియోలోకి వచ్చింది. టీవీలో బుల్‌వింకిల్ ఏదో వాగుతూనే ఉంది.

“నాయనమ్మా, ఈ మూస్ నోరు ఎవరు మూస్తారు?” అంది అమ్మాయి, తన సొంత శ్లేషకు తానే మురిసిపోతూ.

అమ్మకు మూయడం తెలుసు, మూస్ తెలియదు. కొమ్ములున్న ఆ బొమ్మను కళ్లజోడు సవరించుకుని చూసి, “ఏందే, దాని పేరు మూసా?” అని అడిగింది.

“ఎక్కడ మూశావు నాయనమ్మా, ఇంకా మాట్లాడుతూనే ఉంది!” అంది అమ్మాయి.